దాయ్ మామయ్యా

మిలట్రీ ముత్యాలు ఇంట్లో అటక మీద ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో ఏముందో రాజోలు తాలూకాలో సగం మందికి తెలుసు గానీ కళ్ళతో చూసినవాళ్ళు లేరు. ఓసారి చూపించవయ్యా అని అడిగినవాళ్ళందరికీ ఆయన ఒకటే జవాబు చెప్పేవాడు.

"దాయమని ఇచ్చేడండీ. దాయమన్నదాన్ని పదిమందికీ చూపిస్తే దాచినట్టు ఎలాగవుద్ది?"

డబ్బాలో ఉన్నది ఒక పొట్లం. నూనెగుడ్డలో చుట్టి, బూటు తాడుతో కట్టినది. ఇచ్చినవాడు ఒక తెల్ల సిపాయి. ఇచ్చింది రెండో యుద్ధం రోజుల్లో, ఇరాక్ ఎడారిలో. ముత్యాలు అప్పుడు మద్రాసు సాపర్ల పటాలంలో ఉండేవాడు. వంతెనలు కట్టడం, రోడ్లు వెయ్యడం, గోతులు తవ్వడం ఆ పటాలం పని. వాళ్ళ పక్కనే పోలండ్ దేశం సైన్యం గుడారాలు వేసుకుని ఉండేది. ఈ కథ ఆయన కూతురు గంగాభవాని ఉగ్గుపాలు తాగే వయసునుంచీ వింటూనే ఉంది. ఎన్నిసార్లు విన్నా మొదట్లో ఒక పేచీ తప్పేది కాదు.

"పోలీసులా నాన్నా?"

"పోలీసు కాదే, పోలిషు. షు."

"దొంగల్ని పట్టుకుంటారా?"

"వాళ్ళేం పట్టుకుంటారు. వాళ్ళ దేశాన్నే దొంగలు పట్టుకుపోయేరు."

ఆ సిపాయి పేరు తాదెక్. ముత్యాలు నోట్లో అది తాడెక్కు అయి కూచుంది. మనూళ్ళో ఆ పేరు పెట్టుకుంటే కల్లు గీసేవాడనుకుంటారే అని చెప్పి నవ్వేవాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా సాయంకాలం పని అయ్యాక ఒకే రాతి మీద కూర్చుని సిగరెట్లు పంచుకునేవాళ్ళు. అక్కడే ఇంట్లో అందరికీ ఇష్టమైన ముక్క వచ్చేది.

"అవతల హవల్దారు వత్తన్నాడు. నేను వీడితో దాయ్, దాయ్ అంటాను. వీడేం చేసేవాడో తెల్సా? దాయడం మానేసి సిగరెట్టు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. దాయ్ అంటే చాలు, తెచ్చి ఇచ్చేసేవాడు. హవల్దారుకి దొరికేది నేను. అంత తింగరి మనిషిని నేనెక్కడా చూళ్ళేదు."

ఇంటిల్లిపాదీ పడిపడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఆగాక ముత్యాలు గొంతు తగ్గించి మిగతాది చెప్పేవాడు. 1943 వేసవిలో ఆయనకి కామెర్లు ముదిరాయి. బస్రా దాకా లారీలో, అక్కణ్ణుంచి ఆసుపత్రి ఓడలో బొంబాయికి పంపేస్తున్నారు. లారీ కదలబోతూంటే తాడెక్కు పరిగెత్తుకొచ్చాడు. పొట్లం తీసి ముత్యాలు గుండెల మీద పెట్టి, రెండు చేతులతో అదిమి, "ఇండియె, ఇండియె" అంటూ తూర్పు వేపు చూపించాడు. తర్వాత కళ్ళలోకి చూస్తూ ఒకటే మాట మూడుసార్లు అన్నాడు.

"దాయ్ మామయ్యె. దాయ్ మామయ్యె. దాయ్ మామయ్యె."

ముత్యాలు ఊరివాడే అంజిబాబు అని ఒక కుర్రసిపాయి ఆ పటాలంలో ఉండేవాడు. వరసకి మేనల్లుడు. వాడు రోజుకి వందసార్లు మామయ్యా మామయ్యా అనడం ఆ గుడారాల్లో అందరికీ తెలుసు. దాంతో ముత్యాలుకి అనుమానం అక్కర్లేకపోయింది. "నా బాస నేర్చుకున్నాడే వెధవ. యాస ఒక్కటే కుదర్లేదు" అని మురిసిపోయేవాడు. దాస్తాన్రా తాడెక్కూ, నువ్వొచ్చి అడిగేదాకా దాస్తాను, అని లారీలోంచి మాటిచ్చాడట. ఆ మాట మీదే నలభై ఏళ్ళు నిలబడ్డాడు. మిషన్ ఆసుపత్రికి తెల్లవాళ్ళెవరో వచ్చారని వింటే ఖాకీ చొక్కా తొడుక్కుని సైకిలు మీద వెళ్ళి చూసి వచ్చేవాడు. తిరిగొచ్చి "ఆడు కాదు" అనేవాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

గంగాభవానికి పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది, గోదాట్లో పడవ తిరగబడి మొగుడు పోయాడు. పుట్టింటికి వచ్చేసరికి తల్లి కూడా లేదు. తొమ్మిదేళ్ళ రత్నాన్ని తండ్రి దగ్గర వదిలి 1981లో దుబాయ్ వచ్చింది. ఊళ్ళో వాళ్ళకి అంతా దుబాయే గానీ ఆమె ఉన్నది దుబాయ్ కాదు. మొదట షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో చేసింది. మూడో ఏడు ఖోర్ ఫక్కాన్‌లో, ఓడరేవు క్రేన్లు చూసుకునే ఒక తెల్ల ఇంజనీరు ఇంటికి, వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ ఆమెని మార్చాడు.

ఖోర్ ఫక్కాన్ ఆమెకి వచ్చిన రోజే నచ్చింది, వచ్చిన రోజే ఏడుపూ వచ్చింది. వెనక బోడి కొండలు, ఎదురుగా సముద్రం. షార్జాలో సూర్యుడు సముద్రంలో మునిగేవాడు. ఇక్కడ సముద్రంలోంచి లేస్తున్నాడు, అంతర్వేదిలో లేచినట్టే. ఈ నీళ్ళకి అవతలి ఒడ్డు మన దేశమేనని ఓడరేవులో పనిచేసే సూరిబాబు చెప్పాడు. అతనిది మలికిపురం వేపు. మీ నాన్నగారి ఓడ బస్రానించి బొంబాయి ఎల్లింది ఈ దార్నే కదండీ అని కూడా అన్నాడు. అప్పట్నించి పొద్దున్నే గుమ్మం ఊడుస్తూ ఆమె ఆ నీళ్ళ వంక చూడ్డం అలవాటు చేసుకుంది.

ఇంటికి ఉత్తరాల బదులు కేసెట్లు పంపేది. సెలవు మీద వెళ్ళేవాళ్ళెవరో ఒకరు పట్టుకెళ్ళేవాళ్ళు. అటునుంచి తండ్రి మాట్లాడి పంపేవాడు. వానలు, కొబ్బరి దింపులు, ఎవరింట్లో పెళ్ళి, అన్నీ వరసగా చెప్పేవాడు. మొదటి రెండు కేసెట్లలో రత్నం గొంతు కూడా వచ్చింది. మూడోదాంట్లో "బాగున్నాను" అని ఒక్క ముక్క. ఆ తర్వాత అదీ లేదు. "సిగ్గుపడతంది, చిన్నపిల్ల కదా" అనేవాడు తండ్రి. రెండేళ్ళు టేపంతా చివరిదాకా తిప్పి, ఏమీ లేని బరబర శబ్దం కూడా విని, పిల్ల ఎక్కడైనా మాట్లాడిందేమోనని వెతుక్కుంది భవాని. వదిలేసి వచ్చినందుకు నామీద కోపం, అనుకుంది. ఎందుకే మాట్లాడవు అని అడగడానికి నోరు రాలేదు. అడిగితే అదేం చెబుతుందోనని భయం.

ఇంజనీరు భార్య ఎవా. రెండేళ్ళ కూతురు ఆలాని చంకనేసుకుని దిగి పది రోజులైంది. భవాని లెక్కలో తెల్లవాళ్ళంతా ఇంగ్లీషువాళ్ళే. వీళ్ళ ఇంగ్లీషు కూడా తన ఇంగ్లీషులాగే ముక్కలు ముక్కలుగా ఎందుకుందో ఆమె ఆలోచించలేదు. వంటింట్లో ఇద్దరికీ సగం ఇంగ్లీషూ, సగం చేతులూ సరిపోయేవి.

ఆ పొద్దున భవాని కింద కూర్చుని బీట్‌రూట్ తొక్క తీస్తోంది. ఎవా పొయ్యి దగ్గర ఉంది. ఆలా బుడిబుడి నడకలతో వచ్చి బుట్టలోంచి కూరల చాకు తీసి పట్టుకుంది. భవాని లేచేలోపే ఎవా వంగి, అరచెయ్యి చాపి, నెమ్మదిగా అంది.

"ఆలా, దాయ్ మామ్యె."

భవాని చేతిలో బీట్‌రూట్ ఆగిపోయింది. ఎవరి మామయ్య వచ్చాడా అని నిజంగానే వెనక్కి తిరిగి గుమ్మం వేపు చూసింది. అక్కడెవరూ లేరు.

"దాయ్ మామ్యె" అని మళ్ళీ అంది ఎవా. పిల్ల తల్లి మొహంలోకి చూసి, చాకు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

దాయ్ అంటే చాలు, తెచ్చి ఇచ్చేసేవాడు. చిన్నప్పుడు తాను పడిపడి నవ్విన ముక్క అది. ఆ సిపాయి తింగరివాడు కాదు. వాడి భాషలో ఆ మాటకి ఇవ్వమనే అర్థం. నాన్న ఇవ్వమంటున్నాడనుకుని ఇచ్చేవాడు. భవాని ఎర్రటి చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

"మేడమ్, దాయ్ అంటే ఏంటి?"

"ఇవ్వు అని."

"మామ్యె?"

"అమ్మకి." ఎవా నవ్వింది. "దాయ్ మామ్యె. అమ్మకి ఇవ్వు."

"మీరు పోలిషా మేడమ్?"

ఎవా నవ్వు ఆపి అవునంది. ఆ మాట నీకెలా తెలుసని అడిగింది. భవాని చెప్పింది. చెప్పడానికి గంట పట్టింది. లారీ ఎలా కదిలిందో, పొట్లం గుండెల మీద ఎలా అదిమాడో చేతులతో చూపించింది. తాదెక్ అనగానే ఎవా ఆ పేరుని తనలో తాను రెండుసార్లు అనుకుంది. తర్వాత గరిట పక్కన పెట్టి వచ్చి, మేడమ్ అన్న సంగతి మర్చిపోయి, భవాని పక్కన నేల మీద కూర్చుంది.

వాళ్ళ అమ్మమ్మ ఇంట్లోనూ అలాంటి కథ ఒకటి ఉందట. పేరు వేరే గానీ, అమ్మమ్మ తమ్ముడూ ఆ సైన్యంలోనే వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. క్రిస్మస్ ముందు రాత్రి భోజనానికి వాళ్ళ దేశంలో అనుకోని అతిథి కోసం ఒక పళ్ళెం ఎక్కువ వేస్తారు. అమ్మమ్మ బతికున్నంతకాలం ఆ పళ్ళెం తమ్ముడిదేననుకుని వేసింది. ఆ సైన్యం గురించి బయట గట్టిగా మాట్లాడ్డానికి వీల్లేని రోజులు కాబట్టి, తలుపులు వేసుకుని మాట్లాడుకునేవాళ్ళు. యుద్ధం మొదట్లో రష్యావాళ్ళు తమ మంచు అడవుల్లోకి ఆ జనాన్ని ఇంటిల్లిపాదినీ తరిమేశారట. తర్వాత వదిలితే మగవాళ్ళు సైన్యంలో చేరి ఇరాన్, ఇరాక్ మీదుగా యుద్ధానికి వెళ్ళారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ వేరే దేశాలకి పంపారు.

"ఎక్కడికి పంపారు మేడమ్?"

"ఆఫ్రికాకి కొందరిని. ఇండియాకి కొందరిని. కొల్హాపూర్ అని ఒక ఊరుంది కదా మీకు. అక్కడ వేలమంది ఉండేవాళ్ళు. అందరూ తల్లులూ పిల్లలే."

తూర్పు వేపు చెయ్యి చూపించాడు. ఇండియె, ఇండియె అన్నాడు. ముత్యాలు ఇండియాకి పోతున్నాడనే పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళమ్మ ఉన్నది ఇక్కడే, మన దేశంలోనే, రెండు మూడు రోజుల రైలు దూరంలో. ఒక్కరికి, ఒకే ఒక్క చదువుకున్నవాడికి ఆ పొట్లం చూపించి ఉంటే చేరిపోయేది. చూపించలేదు. దాయమన్నాడని దాచాడు.

"పొట్లం మీద ఏం రాసుంది?" అని అడిగింది ఎవా.

"ఎవరూ చూళ్ళేదు మేడమ్."

"మీ నాన్నని అడుగు భవానీ. ఆ అమ్మ ఎవరో తెలిస్తే నేను ఉత్తరాలు రాస్తాను. ఆమె బతికే ఉండొచ్చు. ఎనభై ఏళ్ళుంటాయేమో, అంతే."

అడగడమంటే చెప్పడమే. అదే భవానికి చేతకాలేదు. తండ్రికి పొలం లేదు, పుట్రా లేదు. ఆయనకి ఉన్న ఆస్తల్లా మాట నిలబెట్టుకున్నానన్న గర్వం. ఆ గర్వంతోనే ఖాకీ చొక్కా ఉతుక్కున్నాడు, ఇస్త్రీ పెట్టుకున్నాడు. నాన్నా, నువ్వు తప్పు విన్నావు, నలభై ఏళ్ళు తప్పు చేశావు, అని ఆ మనిషికి ఏ నోటితో చెప్పడం. చెప్పకపోతే ఎక్కడో ఒక ముసలి తల్లికి రావలసింది మా అటక మీదే ఉండిపోతుంది. తన కూతురు మాట కోసం ఉత్త టేపు తిప్పి తిప్పి వింటున్న మనిషి భవాని. ఆ తల్లిని వదిలెయ్యడం ఆమెవల్ల అయ్యే పని కాదు.

సూరిబాబు వచ్చే శుక్రవారం సెలవు మీద ఊరెళుతున్నాడు. భవాని మూడు రోజులు టేప్‌రికార్డర్ ముందు కూర్చుంది. "నాన్నా, ఒక సంగతి" అని మొదలుపెట్టి చెరిపేసింది. "నాన్నా, నీ తప్పేం లేదు గానీ" అని మొదలుపెట్టి అదీ చెరిపేసింది. ఆఖరికి ఒక పొద్దున రికార్డర్‌ని వంటింటి బల్ల మీద పెట్టి, మీట నొక్కి, ఎవా చేత ఆలాకి చెంచా ఇప్పించింది.

"దాయ్ మామ్యె" అంది ఎవా. చెంచా చేతులు మారిన చప్పుడు, పిల్ల నవ్వు. మళ్ళీ గిన్నె. "దాయ్ మామ్యె." మళ్ళీ నవ్వు. ఆ తర్వాత భవాని దగ్గరికి జరిగి రెండే ముక్కలు అంది.

"నాన్నా, ఈవిడ పోలిషు. పిల్ల చేతిలో ఏదుంటే అది ఇలాగని తీసుకుంటన్నారు. వాళ్ళ బాసలో మామ్యె అంటే అమ్మకి అంట. పొట్లం ఒకసారి బళ్ళో మేస్టారికి చూపించు నాన్నా."

కేసెట్టు సూరిబాబు చేతిలో పెట్టి వచ్చాక ఆమెకి రెండు నెలలు తిండి సయించలేదు. ఎవా కూడా రోజూ సముద్రం వేపు చూసేది. ఇద్దరూ ఒకే దిక్కుకి చూడ్డం చూసి ఇంజనీరు ఏ ఓడ కోసమని ఎగతాళి చేసేవాడు.

సూరిబాబు తిరిగొచ్చిన రోజు శుక్రవారం. ఎండ ఇంకా ఎక్కలేదు. అతని చంకలో బిస్కెట్ల డబ్బా ఉంది. దాన్ని చూడగానే భవాని చీపురు వదిలేసి ఎదురెళ్ళింది. ఎవా పరుగున వెళ్ళి బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఆయ్, డబ్బా అప్పుడే విప్పొద్దన్నారండి. ముందు కేసెట్టు ఇనమన్నారు" అని సూరిబాబు రెండూ ఇచ్చి, టీ కూడా తాగకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

తండ్రి గొంతు ఎప్పుడూ గట్టిగా ఉండేది. ఈసారి దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది.

"అమ్మాయ్. నువ్వంపించింది ఇన్నాను. ఒకసారి ఇన్నాను, అర్థమైంది. అయినా అంజిబాబుని పిలిచి మళ్ళీ ఏయించేను. ఆడూ ఇన్నాడు. ఆ సిగరెట్టు పెట్టె మామయ్యా, అన్నాడు. ఇద్దరం అరుగు మీద కూచున్నాం."

కాసేపు కోళ్ళ అరుపు వినిపించింది. ఎవరో సైకిలు బెల్లు కొట్టారు.

"తర్వాత నూనెగుడ్డ ఇప్పేను. లోపల కవరుంది. పటాలంలో ఇంగ్లీషు అచ్చరాలు నేర్పేరు గానీ నాకు ఒంటబట్టలేదు, అంకెలు ఒక్కటే వచ్చు. మేస్టారికి చూపించేను. కింద లైనులో పోలిషు కేంపు, కొల్హాపూర్, ఇండియా అని రాసుందన్నారు. పైన ఒక ఆడమనిషి పేరంట. మేస్టారు చదివేరు గానీ నాకు నోరు తిరగలేదు. అమ్మాయ్, ఆ ఇంజనీరమ్మ ఉత్తరాలు రాత్తాదని సూరిబాబు చెప్పేడు. కానీ ఇమ్మంది నన్నే గదా. నేనూ అంజిబాబూ ఎల్లేం. రాజమండ్రిలో ఎక్కి, మూడు బళ్ళు మారేం. ఖాకీ చొక్కా తొడుక్కున్నాను."

భవాని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవాకి ఒక్క మాటా అర్థం కావడం లేదు, అయినా కదలకుండా వింటోంది.

"అక్కడ ఆ కేంపు లేదే. సింధీలు బట్టల కొట్లు పెట్టుకున్నారు. పటాలం హిందూస్తానీ కొంచెం మిగిలుంది కాబట్టి అడుక్కుంటా తిరిగేం. ఒక ముసలాయన దొరికేడు. అప్పట్లో ఆ ఆడోళ్ళకి పాలు పోసేవాడంట. గిన్నెలు చాపి దాయ్ దాయ్ అనేవోరు అన్నాడు. ఆ మాట ఇంకోసారి అనమన్నాను. అందరూ ఎప్పుడో ఎల్లిపోయేరంట. ఎల్లనోళ్ళు ఊరి చివర సమాధుల్లో ఉన్నారని తీసుకెల్లేడు. నేను కవరు పట్టుకుని ఒక్కో రాయి దగ్గరా కూచున్నాను. ఈ అచ్చరం ఉందా, ఈ అచ్చరం పక్కన ఈ అచ్చరం ఉందా, అలాగ చూసుకుంటా పోయేను. అంజిబాబు రాళ్ళ మీద మట్టి తుడిచేవోడు. పొద్దెక్కింది, పొద్దు దిగింది. ఒక రాయి మీద అన్నీ కలిసేయి."

టేపు తిరుగుతూనే ఉంది.

"కింద అంకెలు చదివేను. 1946. అంకెలైనా రాకపోతే బాగుండునమ్మా. నేను బొంబాయిలో దిగింది 43లో. మూడేళ్ళు. మూడేళ్ళు ఆవిడక్కడ, పొట్లం మనింట్లో. ఎన్నిసార్లు దారి చూసిందో. నేనేమో ఊరందరికీ గొప్పగా చెప్పుకుంటన్నాను. నేను ఏడ్చేను. అంజిబాబు ఉన్నాడని కూడా చూసుకోలేదు. తర్వాత సాపర్ని గదా, తవ్వడం మర్చిపోలేదు. రాయి పక్కన మోచెయ్యి లోతు తవ్వి, నూనెగుడ్డ ఎప్పట్లాగే కట్టి పెట్టేను. కవరు ఇప్పలేదు. దాయమన్నాడనుకున్నాను, దాచేను. ఇమ్మన్నాడని తెలిసింది, ఇచ్చేను. ఇప్పి చూడమని ఆడెప్పుడూ అన్లేదు. ఆవిడికి ఏం చెప్పాలో, ఏ బాసలో చెప్పాలో తెలీలేదు. టేపులో ఇన్నట్టే అన్నాను. దాయ్ మామ్యె."

ఆ ముసలి గొంతులో తన మాట వినగానే ఎవా రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. భవాని ఆవిడ భుజం పట్టుకుని, దొరికింది మేడమ్, ఇచ్చేశాడు, అంది. ఆ గొంతు విన్నాక తల్లి ఎలా దొరికిందో చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇంజనీరు టీ కోసం వచ్చి, ఇద్దరినీ చూసి, తనే నీళ్ళు పెట్టుకున్నాడు.

టేపు ఇంకా అయిపోలేదు.

"అమ్మాయ్, ఇంకో మాట. మూడేళ్ళు అన్న ముక్క అక్కడ నోట్లోంచి వచ్చేసరికి నాకు గుండెలో దిగబడింది. నువ్వెల్లి మూడేళ్ళే. నేను దాచింది ఆ పొట్లం ఒక్కటే కాదు. రత్నం నీకు నెల నెలా ఉత్తరం రాసిందే. రాసి నాకిచ్చేది. మొదటిదాంట్లోనే వచ్చెయ్యి వచ్చెయ్యి అని రాసింది. పరాయి ఊళ్ళో అది చదివి నువ్వు బెంగెట్టుకుంటావు, పని మానుకుని వచ్చేత్తావు అనుకుని దాచేను. నువ్వొచ్చేక ఇద్దాంలే అనుకున్నాను. అమ్మ జవాబు రాయట్లేదని పిల్ల అలిగి టేపులో నీతో మాటలు మానేసింది, రాయడం మాత్రం మాన్లేదు. నేను నోరు ఇప్పలేదు. దాయడమే మంచితనమనుకునే మనిషిని, ఏం చెయ్యను. కొల్హాపూర్ నించి వచ్చిన రోజే దానికి చెప్పేసేను. నాతో రెండ్రోజులు మాట్లాళ్ళేదు. డబ్బా ఖాళీ అయ్యింది గదా. అన్నీ అందులోనే పెట్టేను. నీయి నీకిచ్చేత్తన్నాను."

టేపు టక్కున ఆగింది. ఈసారి చివరి బరబర శబ్దం వినడానికి భవాని ఆగలేదు. డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది. చాకు మొనతో ఎత్తింది.

లోపల నోటుపుస్తకం కాగితాలు, నాలుగు మడతలు పెట్టినవి, ఒకదాని మీద ఒకటి. అన్నిటి మీదా "అమ్మకి" అనే ఉంది. పైవాటి మీద అక్షరాలు సన్నగా, వరసగా ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ లావయ్యాయి. కూతురు తన కళ్ళముందు చిన్నదవుతూ తొమ్మిదేళ్ళకి వచ్చేసింది. భవాని అట్టడుగు కాగితం తీసి విప్పింది. పెన్సిల్‌తో, గీతల మీద నిలబడకుండా, మొదటి పంక్తి ఇలా ఉంది.

"అమ్మా ఈ కాయితం తాతకి ఇచ్చాను. అమ్మకి ఇయ్యి అని చెప్పాను."